హైదరాబాదు గాజు సీసా, లుసాకా కలరా

కృష్ణలంక కుర్రాడు · సోమవారం, రాత్రి 9:40

గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నాను. కోచింగ్‌లో వారానికి రెండు వ్యాసాలు రాయిస్తారు. ఈ వారం అంశం ‘అంటువ్యాధుల నివారణలో అంతర్జాతీయ సహకారం’. నాలుగు పేజీలు నింపి ఇచ్చాను. మాస్టారు ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీసి, కింద ‘ఇందులో మనుషులు ఎక్కడ?’ అని రాసి తిరిగి ఇచ్చేశారు. చూసుకుంటే నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశయాలు, సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, కోవిడ్ పాఠాలు. మశూచి నిర్మూలన కథ రాద్దామంటే నా బెంచీలో మిగతా ముగ్గురూ అదే రాశారు.

ఒక్క జబ్బు, ఒక్క మందు, నాలుగైదు దేశాలు. మొదటి నుంచి చివరి దాకా చెప్పగలిగిన కథ ఏదైనా ఉంటే పెద్దలు చెప్పండి. మన వైపు ముడిపడినదైతే మరీ మంచిది.

మేడ్చల్ రోడ్డు · సోమవారం, రాత్రి 10:25

కలరా తీసుకో తమ్ముడూ. నేను పాతికేళ్లకు పైగా టీకాల ఫ్యాక్టరీల్లో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. నాకు తెలిసినంతలో నువ్వు అడిగిన కొలతకు అతికినట్టు సరిపోయే కథ షాంకాల్‌ది. సూది కాదు, నోట్లో పోసే కలరా టీకా. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తయారు చేసింది.

పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో యాన్ హోమ్‌గ్రెన్ బృందం చంపిన కలరా క్రిములకు ఒక ప్రొటీన్ జతచేసి నోటి టీకా తయారు చేసింది. పేరు డుకోరాల్. ఆ ప్రొటీన్ కడుపులోని ఆమ్లానికి తట్టుకోలేదు. అందుకని టీకాను సోడా పొడి కలిపిన నీళ్లతో తాగాలి, పెద్దవాళ్లకైతే దాదాపు ఒక గ్లాసు. విమానమెక్కే యాత్రికుడికి అదొక లెక్కా? మంచినీళ్లు లేకనే కలరా వచ్చిన ఊళ్లో మనిషికో గ్లాసు మంచినీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు?

1980లలో వియత్నాం వాళ్లు స్వీడన్ దగ్గర ఆ పద్ధతి నేర్చుకున్నారు. ఖరీదైన ప్రొటీన్‌ను తీసేసి చంపిన క్రిములను మాత్రం ఉంచారు. సోడా నీళ్ల బెడద పోయింది, ధర నేలకు దిగింది. 1997లో వాళ్ల దేశంలో అనుమతి వచ్చింది. తర్వాత రెండు కోట్ల డోసులకు పైగా తమ ప్రజలకే పోసుకున్నారు.

అక్కడి నుంచి దక్షిణ కొరియా. సియోల్‌లో అంతర్జాతీయ వ్యాక్సిన్ సంస్థ అని ఒకటుంది. వియత్నాం టీకా కూర్పును వాళ్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలకు తగ్గట్టు మార్చారు. పరీక్ష ఎక్కడ? కోల్‌కతా బస్తీల్లో. 2006లో 66 వేల మందికి పైగా జనం మీద మొదలుపెట్టి, కొందరికి టీకా, కొందరికి ఉత్తుత్తి మందు పోసి, ఐదేళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. ఐదేళ్ల మీద 65 శాతం రక్షణ తేలింది. డబ్బు అమెరికా నుంచి గేట్స్ ఫౌండేషన్, స్వీడన్ ప్రభుత్వ సహాయ సంస్థ ఇచ్చాయి. తయారీ హైదరాబాదుకు వచ్చింది. 2009లో మన దేశంలో అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం. డోసు 1.85 డాలర్లు.

ఒకటిన్నర మిల్లీలీటర్ల మందు. బొటనవేలంత గాజు సీసా. దాని వెనుక ఇన్ని దేశాలు.

కృష్ణలంక కుర్రాడు · సోమవారం, రాత్రి 10:41

అన్నయ్యా, ఒక సందేహం. వియత్నాం అంత చవగ్గా చేసుకున్నప్పుడు వాళ్లే ప్రపంచానికి అమ్మవచ్చు కదా? హైదరాబాదు దాకా ఎందుకు?

మేడ్చల్ రోడ్డు · సోమవారం, రాత్రి 10:58

మంచి చోట పట్టుకున్నావు. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఒక టీకా కొనాలంటే ఫ్యాక్టరీ బాగుంటే చాలదు. ఆ దేశంలో మందులను తనిఖీ చేసే ప్రభుత్వ వ్యవస్థకు కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు ఉండాలి. అప్పట్లో వియత్నాంకు లేదు, మనకు ఉంది. ఫ్యాక్టరీలో మేము బ్యాచ్ కాగితాల మీద పెట్టే సంతకాలకు బయట విలువ వచ్చింది ఆ గుర్తింపు వల్లనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కాగితాలంటే నాకు చిరాకు. ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తెరిచామో కూడా రాయాలా అని గొణుక్కునేవాణ్ని.

సీతంపేట డాక్టర్ · మంగళవారం, ఉదయం 6:15

టీకా కథ బాగుంది. కానీ అప్పటికే కలరా పట్టిన మనిషిని బతికించేది టీకా కాదు, నీళ్లూ ఉప్పూ. అది వదిలేసి వ్యాసం రాస్తే సగమే రాసినట్టు.

కలరా రోగిని నేను చదువుకునే రోజుల్లో చూశాను. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనం, ఆగదు. కళ్లు లోపలికి పోతాయి. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే మడత అలాగే నిలబడుతుంది. పొద్దున నడిచి వచ్చినవాడు సాయంత్రానికి నాడి అందకుండా పోవచ్చు. కలరా వార్డులో మంచానికి నడుమ రంధ్రం, దాని కింద కొలత గీతలున్న బకెట్. ఎన్ని లీటర్లు పోయిందో చూసుకుని అన్ని లీటర్లు తిరిగి ఎక్కించాలి. వైద్యమంతా ఆ బకెట్ లెక్కే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల తరలివచ్చిన శరణార్థులతో బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శిబిరం నిండిపోయింది. అక్కడ కలరా. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ కోల్‌కతాలో అమెరికా జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు. నోటి ద్వారా ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లిస్తే పేగు పీల్చుకుంటుందని అంతకు మూడేళ్ల ముందే ఢాకాలో అమెరికా, బెంగాల్ వైద్యులు కలిసి తేల్చారు. అయితే అది వార్డులో, నర్సుల కళ్లెదుట జరిగిన పరీక్ష. శిబిరంలో తల్లుల చేతికే గ్లాసు ఇచ్చి పట్టించమనడానికి ధైర్యం కావాలి. మహలనబీస్ ఆ ధైర్యం చేశారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. కోల్‌కతాలో పొట్లాలు కట్టి, పాలిథిన్ సంచుల మూతులు ఇస్త్రీపెట్టెతో అతికించి పంపారు. మరణాలు 30 శాతం దగ్గర నుంచి 3.6 శాతానికి పడిపోయాయి.

ఈ రోజు మా ఆశా కార్యకర్త సంచిలో ఉండే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఆ పొట్లానికి మనవరాలు.

నిప్పుకోడి · మంగళవారం, ఉదయం 9:02

అందరూ హారతులు పడుతున్నారు. నేను కొంచెం నీళ్లు చల్లుతాను.

హైతీ గురించి ఎవరూ ఎత్తలేదేం? 2010 జనవరిలో భూకంపం. ప్రపంచమంతా సాయానికి పరుగెత్తింది. అక్టోబరులో కలరా. అంతకు ముందు వందేళ్లకు పైగా ఆ దేశంలో కలరా ఎరిగినవాడు లేడు. ఎవరు తెచ్చారు? ఐక్యరాజ్యసమితి శాంతిదళం. నేపాల్ నుంచి వచ్చిన సైనికుల శిబిరం మిర్బలే దగ్గర ఉండేది. శిబిరం మరుగుదొడ్ల మురుగు పక్కనున్న ఏట్లోకి, అక్కడి నుంచి ఆర్తిబొనీత్ నదిలోకి వెళ్లింది. ఆ నది నీళ్లే జనం తాగేది. ఎనిమిది లక్షల మందికి సోకింది, పదివేల మంది దాకా పోయారు. బాధితులు కోర్టుకెక్కితే ఐక్యరాజ్యసమితి ‘మాకు చట్టరక్షణ ఉంది’ అంది. అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ నోటి నుంచి క్షమాపణ వచ్చింది 2016 డిసెంబరులో. ఆరేళ్ల తర్వాత.

తమ్ముడూ, ‘సహకారం’ అని పెద్ద అక్షరాలతో రాసే ముందు ఈ పేరా రాయి. మార్కులు పోతే నన్ను తిట్టుకో.

సీతంపేట డాక్టర్ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

తప్పకుండా రాయాలి, నాకు పేచీ లేదు. అయితే నిప్పుకోడి గారూ, ఆ నిజం ఎలా బయటపడిందో కూడా చెబితే బాగుండేది. రెనో పియారూ అనే ఫ్రెంచి వైద్యుడు ఊరూరా తిరిగి మొదటి రోగుల జాడ పట్టుకుంటూ శిబిరం పక్కన తేలాడు. తర్వాత డెన్మార్క్, అమెరికా శాస్త్రవేత్తలు హైతీ క్రిమి జన్యువులను నేపాల్ క్రిముల జన్యువులతో పోల్చి చూశారు, అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. ఆ నేపాల్ నమూనాలు ఇచ్చిందెవరు? నేపాల్ ప్రభుత్వ ప్రయోగశాలే. తమ సైనికుల మీదే వేలు చూపే పరీక్షకు తమ నమూనాలు తామే ఇచ్చారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో తల వంచి దండం పెట్టాలనిపించే చోటు ఇదొక్కటే.

నిప్పుకోడి · మంగళవారం, మధ్యాహ్నం 1:44

ఇది నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. క్షమాపణ ఆలస్యమైందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

లష్కర్ తాతయ్య · మంగళవారం, సాయంత్రం 5:10

మన వైపు ముడి అడిగావు కదా బాబూ. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి పుట్టిందే గత్తర వల్ల, అంటే కలరా వల్ల. 1813లో జంట నగరాల్లో గత్తర వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారని, అప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకుని, 1815లో తిరిగి వచ్చి ఇక్కడ విగ్రహం నిలిపాడని మా పెద్దలు చెప్పేవారు. ఆషాఢంలో బోనం ఎత్తే ఆడపిల్లలకు ఇప్పుడు ఈ సంగతి ఎంతమందికి తెలుసో. గత్తర సైన్యంతో కలిసి నడిచేదని అప్పటివాళ్లకు బాగా తెలుసు. హైతీ మాట చదవగానే నాకు అదే తోచింది.

ఇంకొకటి. దేశాలు జబ్బుల గురించి మొట్టమొదట ఒక బల్ల చుట్టూ కూర్చున్నది కూడా కలరా భయంతోనే. 1851లో పారిస్‌లో. పన్నెండు దేశాలు, ఒక్కో దేశం నుంచి ఒక వైద్యుడు, ఒక రాయబారి. ఆరు నెలలు వాదించుకున్నారు. వైద్యులకు జబ్బు ఎలా పాకుతుందో తెలియదు, రాయబారులకు ఓడల వ్యాపారం ఆగిపోతుందని బెంగ. ఏమీ తేల్చకుండా లేచిపోయారు.

1967 గోదావరి పుష్కరాలకు మా నాన్నగారు మమ్మల్ని రాజమండ్రి తీసుకెళ్లినప్పుడు దారిలో కలరా సూది వేయించారు. చెయ్యి వాచి రెండు రోజులు జ్వరం. ఆ సూదితో పెద్ద ప్రయోజనం లేదని ప్రపంచమంతా ఒప్పుకుని 1973లో కలరా సర్టిఫికెట్ నిబంధనే ఎత్తేశారట. నా జ్వరం ఊరికే పోయింది.

లుసాకా వదిన · మంగళవారం, రాత్రి 11:50

అందరికీ నమస్కారం. మేము 2011 నుంచి జాంబియా రాజధాని లుసాకాలో ఉంటున్నాము, చిన్న కిరాణా కొట్టు ఉంది. ఎప్పుడూ చదివి ఊరుకునేదాన్ని, ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ఇక్కడ పేదల బస్తీలను కాంపౌండ్లు అంటారు. మా కొట్లో పనిచేసే ఆమెది కన్యామా కాంపౌండు. అక్కడ రెండడుగులు తవ్వితే రాయి. మరుగుదొడ్డి గొయ్యి లోతుగా తవ్వలేరు, బావీ లోతుగా తవ్వలేరు. వానలు పడితే రెండూ ఒకటే. డిసెంబరు, జనవరి వచ్చిందంటే కలరా మాట వినబడుతుంది.

2023 చివర మొదలై 2024 జనవరిలో ముదిరింది చూడండి, అంతకు ముందు నేను ఎరగను. సెలవుల తర్వాత స్కూళ్లు తెరవడం వాయిదా వేశారు. అరవై వేల మంది పట్టే హీరోస్ స్టేడియంను ఆసుపత్రిగా మార్చారు. ఫుట్‌బాల్ చూడటానికి మా వారు, పిల్లలు వెళ్లిన చోటది. బయట గేటు దగ్గర లోపలున్న తమవాళ్ల కబురు కోసం జనం గంటల తరబడి నిలబడేవారు. మన దేశం నుంచి నీళ్లు శుద్ధి చేసే సామగ్రి, క్లోరిన్ మాత్రలు, ఓఆర్‌ఎస్ విమానంలో వచ్చాయి. ఆ వార్త చూపిస్తే ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేనేదో పంపించినట్టు.

టీకా కూడా వచ్చింది. మనిషికి ఒక్క డోసే. రెండోది ఎప్పుడు అని ఆమె అడిగితే టీకా వేసే అమ్మాయి ‘ఇంతే’ అందట. రెండు వేయాలని విన్నాను. ఎందుకు ఒక్కటే?

మేడ్చల్ రోడ్డు · బుధవారం, ఉదయం 7:20

అమ్మా, దానికి జవాబు మీ లుసాకాలోనే ఉంది. 2016లో మీ ఊళ్లో కలరా వచ్చినప్పుడు సరిపడా టీకా లేదు. ఉన్నది సగం మందికి రెండేసి డోసులు వేయాలా, అందరికీ ఒక్కొక్కటి వేయాలా? ఒక్కొక్కటే వేశారు. తర్వాత లెక్క కట్టి చూస్తే ఒక్క డోసు కూడా ఆ కొద్ది నెలలకు బాగా కాపాడిందని తేలింది. ఎక్కువ కాలం నిలుస్తుందని కాదు. మంట ఆర్పడానికి చాలు.

ప్రపంచానికంతటికీ కలరా టీకా ఒక ఉమ్మడి నిల్వ ఉంది. 2013లో ఇరవై లక్షల డోసులతో మొదలైంది. ఎవరికి ఎంత ఇవ్వాలో నలుగురు తేలుస్తారు: ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, రెడ్‌క్రాస్ సమాఖ్య, ‘సరిహద్దుల్లేని వైద్యులు’ అనే స్వచ్ఛంద సంస్థ. దేశం దరఖాస్తు పెడితే రెండు పని దినాల్లో అవునో కాదో చెప్పాలని వాళ్ల నియమం. మా పల్లెల్లో కరువు ఏడాది ఊరుమ్మడి గాదె తాళం నలుగురు పెద్దల దగ్గర ఉండేదని మా నాయనమ్మ చెప్పేది, అలాంటిదే. 2021 నుంచి 2023 దాకా మూడేళ్లలో అత్యవసరంగా అడిగిన డోసులు అంతకు ముందు పదేళ్లలో అడిగినవాటిని మించిపోయాయి. మీ పక్క దేశం మలావీలో ఒక్క విడతలోనే 1,700 మందికి పైగా చనిపోయారు. గాదె అడుగంటింది. 2022 అక్టోబరులో ఆ నలుగురూ కూర్చుని ఇకపై ఎవరికైనా ఒక్క డోసే అని తేల్చేశారు.

నిప్పుకోడి · బుధవారం, ఉదయం 8:05

గాదె ఎందుకు అడుగంటిందో కూడా చెప్పండి. సగం మాటతో ఆపవద్దు.

మేడ్చల్ రోడ్డు · బుధవారం, ఉదయం 9:40

చెబుతాను, దాచడానికేముంది. శాంతాను ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ 2009లో కొనుక్కుంది. షాంకాల్ సరఫరా 2023 చివరితో ఆపేస్తామని ముందే ప్రకటించింది, ఆపేసింది. ఆ తర్వాత కొంత కాలం ప్రపంచ నిల్వకు టీకా ఇచ్చే కంపెనీ భూమ్మీద ఒక్కటే మిగిలింది, దక్షిణ కొరియాలోని యూబయోలాజిక్స్. అది కూడా సియోల్ సంస్థ దగ్గర నేర్చుకున్నదే.

కంపెనీని తిట్టమని నన్ను అడగవద్దు. రెండు డాలర్ల లోపు సరుకు. కొనేవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ వచ్చే ఏడాది ఎన్ని కొంటాడో ఈ ఏడాది చెప్పలేడు. వరదొస్తే కోటి, రాకపోతే పది లక్షలు. మిషన్లు, మనుషులు, పరీక్షలు మాత్రం రోజూ నడవాలి.

నిప్పుకోడి · బుధవారం, ఉదయం 9:52

మీరు తిట్టకపోతే నేను తిడతాను. స్వీడన్ ప్రజల పన్నులు, వియత్నాం వాళ్ల ఇరవై ఏళ్ల చాకిరీ, మందు తాగి ఐదేళ్లు పరీక్షకు నిలబడిన కోల్‌కతా బస్తీ జనం. ఇందరు కలిసి పెంచిన చెట్టును కాయలు చవకగా అమ్ముడవుతున్నాయని ఒక బోర్డు సమావేశంలో కొట్టేయవచ్చా? కొట్టేస్తామన్నాక ఆ నలుగురు పెద్దలు, వాళ్ల వెనకున్న ధనిక దేశాలు ఏం చేశాయి? ముందే చెప్పారు అంటున్నారు కదా. నా కోపం కంపెనీ మీద పావలా, వాళ్ల మీద ముప్పావలా.

సీతంపేట డాక్టర్ · బుధవారం, ఉదయం 10:30

ముప్పావలాతో ఏకీభవిస్తున్నాను. ఒక సవరణ: తయారీ విద్య చేతులు మారి ఉండబట్టే కొరియాలో ఆ రెండో పొయ్యి వెలుగుతూ ఉంది. లేకపోతే 2024లో లుసాకాకు ఆ ఒక్క డోసు కూడా ఉండేది కాదు. 2024 ఏప్రిల్‌లో వాళ్లే తేలిక కూర్పుతో యూవికాల్-ఎస్ అనే టీకా తెచ్చారు, అదే ఫ్యాక్టరీలో ఎక్కువ డోసులు తీయవచ్చు. ఆగస్టులో మన భారత్ బయోటెక్ హిల్‌కాల్ విడుదల చేసింది, హైదరాబాదు, భువనేశ్వర్ కలిపి ఏడాదికి ఇరవై కోట్ల డోసుల సామర్థ్యం అన్నారు.

అమెరికా 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటానంది. ఈ టీకాలన్నీ కొనేవాడు ఎవడన్నది ఇప్పుడు ఇంకా పెద్ద ప్రశ్న.

లష్కర్ తాతయ్య · బుధవారం, ఉదయం 11:15

ఇంతకీ ఆ కన్యామాలో పైపులు ఎప్పుడు వేస్తారు?

లుసాకా వదిన · బుధవారం, సాయంత్రం 6:30

కొన్ని వీధులకు వచ్చాయి తాతయ్య గారూ, ఆమె వీధికి రాలేదు. కొళాయి దగ్గర డబ్బాకు ఇంతని ఇచ్చి కొనుక్కుంటుంది. మా ఇంటికి వచ్చే నీళ్ల కంటే ఆమె డబ్బా నీళ్లే ఖరీదు, లెక్క వేసి చూశాను.

కృష్ణలంక కుర్రాడు · బుధవారం, రాత్రి 8:10

అందరికీ దండాలు. రాయడం మొదలుపెట్టాను. మహలనబీస్ గారి ఇస్త్రీపెట్టెతో మొదలుపెట్టాలా, సీసాతోనా అని తేలడం లేదు. వదిన గారూ, ఆమె 2016లో కూడా టీకా తాగారా? ఎలా ఉంటుందట?

లుసాకా వదిన · బుధవారం, రాత్రి 11:20

ఇప్పుడే అడిగాను. 2016లోనూ తాగిందట, ఒక్కటే. రుచి అడిగితే ముఖం చిట్లించి, చేపలు కడిగిన నీళ్లంది. అప్పటిది చిన్న గాజు సీసా అని, పైన రేకు మూత ఉంటే నర్సు కత్తెర మొనతో లేపి, వేలు కోసుకుని, రక్తం కారుతుండగానే వరసలో తర్వాతి మనిషికి పోసిందని చెప్పింది. 2024లో ఇచ్చింది మెత్తని ప్లాస్టిక్ గొట్టమట, మెడ తుంచి నోట్లో పిండేశారట.

మేడ్చల్ రోడ్డు · గురువారం, ఉదయం 5:55

ప్లాస్టిక్‌ది కొరియాది. గాజుది మనది.

రేకు మూత గట్టిగా ఉందని ఊళ్ల నుంచి ఫిర్యాదులు వస్తూనే ఉండేవని ఆ పనిలో ఉన్న స్నేహితులు చెప్పేవారు. నోట్లో పోసే మందుకు సూది మందు సీసా ఏమిటని మేమే నవ్వుకునేవాళ్లం. ఆ నర్సు వేలు సంగతి ఇన్నేళ్లకు ఇక్కడ చదువుతున్నాను.

తమ్ముడూ, వ్యాసం రాశాక ఇక్కడ పెట్టు. తప్పులుంటే చూస్తాను.